ఉభయకుశలోపరి

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నేను కొంత సందేహించాను. ఉర్దూ విభాగపు మిత్రులు గజలును గురించి వ్రాస్తారు, తెలుగు విభాగపు మిత్రులు ప్రబంధాలను గురించి వ్రాస్తారు. కంప్యూటరు బోధించేవాడు వ్రాస్తే చదివేదెవరు? ఈ సందేహాన్ని వెలిబుచ్చగా ఉర్దూ ఉపన్యాసకులొకరు నవ్వి, "మీ సి భాషలో ఎదురుచూడటానికి ఒక ప్రత్యేకమైన పిలుపు ఉన్నదని ఒకసారి చెప్పారు కదా, దాన్ని గురించే వ్రాయండి. ఇంతిజార్ లేని కవిత్వం మా వద్ద లేదు" అన్నారు. ఆ మాట పట్టుకొని ఈ వ్యాసం ఆరంభించాను. ఇందులో కవిత్వమేమీ లేదు. నేను చేసిన ఒక పొరపాటు ఉన్నది. దాన్ని వేలుపెట్టి చూపిన ఒక విద్యార్థిని ఉన్నది.

ఈ కళాశాలకు రాకపూర్వం నేను కొన్ని సంవత్సరాలు శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల ప్రాంతంలో పనిచేశాను. శ్రీకాకుళం పట్టణం దాటి జాతీయ రహదారి మీద విశాఖపట్నం వైపు వస్తుంటే ఎచ్చెర్ల తగులుతుంది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి స్నాతకోత్తర కేంద్రంగా వెలసి, 2008లో స్వతంత్ర ప్రతిపత్తి పొందిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వారి శ్రీకాకుళం ప్రాంగణం అదే మండలంలోని ఎస్.ఎం. పురంలో ఉన్నది. ఎస్.ఎం. పురమంటే షేర్ మహమ్మద్ పురం. ఆ పేరు వినగానే గోల్కొండ ప్రభువుల నాటి ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ జ్ఞప్తికి వస్తాడు. శ్రీకాకుళంలోని జామియా మసీదును 1641లో కట్టించినవాడు ఆయనే. ఈ రెండు విద్యాసంస్థలలోనూ నేను పనిచేయలేదు. నేను పనిచేసిన కళాశాల పేరు ఇక్కడ అనవసరం. ఎందుకంటే జరిగిన తప్పు కళాశాలది కాదు, నాది.

కథకు ముందు విషయాన్ని కొంచెం వివరించవలసి ఉన్నది. కంప్యూటరు పరిచయం లేని పాఠకులు దీన్ని కఠినమని భావించి పుట తిప్పవద్దని మనవి. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. యూనిక్స్ వంశానికి చెందిన వ్యవస్థలలో, అంటే నేటి లినక్సులో సైతం, ఒక ప్రాసెస్ మరొక ప్రాసెస్‌ను పుట్టించడానికి ఫోర్క్ అనే పిలుపు ఉన్నది. ఆ పిలుపుతో ఉన్నది ఉన్నట్లుగా రెండో ప్రతి తయారవుతుంది. మొదటిది తల్లి, రెండోది పిల్ల. ఇద్దరూ అదే ప్రోగ్రామును అదే చోటి నుంచి కొనసాగిస్తారు, తేడా ఒక్కటే. ఫోర్క్ నుంచి పిల్లకు సున్న వస్తుంది, తల్లికి ఆ పిల్ల సంఖ్య వస్తుంది. ఆ తేడాను బట్టి ఎవరి దారి వారు చూసుకొంటారు. సాధారణంగా పిల్ల ఎగ్జిక్ అనే పిలుపుతో తన ఒంటి మీది ప్రోగ్రామును విడిచి వేరొకటి తొడుక్కొంటుంది. ఆ పని ముగిసినప్పుడు ఎగ్జిట్ అంటూ ఒక చిన్న సంఖ్యను వదలి వెళ్లిపోతుంది. సున్న అంటే అంతా సవ్యమనీ, సున్న కానిదేదైనా అంటే ఏదో అడ్డు వచ్చినదనీ సంప్రదాయం. తల్లి వెయిట్ అనే పిలుపుతో ఎదురుచూసి ఆ సమాచారం అందుకొంటుంది. అనేకమంది పిల్లలుంటే ఫలానా పిల్ల కొరకని పేరుపెట్టి ఎదురుచూడటానికి వెయిట్‌పిడ్ అనే పిలుపు ఉన్నది.

ఈ ఏర్పాటు ఒక్కనాడు పుట్టలేదు. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద యూనిక్సును నిర్మిస్తున్న తొలినాళ్లలో వెయిట్ అనే పిలుపే లేదు. అప్పటి పద్ధతిని రిచీ తరువాత ఒక వ్యాసంలో వివరించాడు. తల్లి తన పిల్లకు ఒక సందేశం పంపేది. పిల్ల ఆ సందేశాన్ని చదవదని తల్లికి తెలుసు. పంపిన సందేశం అందేవరకు తల్లి అక్కడే ఆగిపోతుంది. పిల్ల తన పని ముగించి అదృశ్యమైనప్పుడు, అట్టి ప్రాసెస్ ఏదీ లేదంటూ ఆ సందేశం విఫలమయ్యేది. అలా విఫలమైనప్పుడు తల్లికి పిల్ల ముగిసినదని తెలిసేది. చిరునామాదారు లేడని తపాలా వారు వెనుకకు పంపిన ఉత్తరాన్ని చూసి మనిషి లేడని గ్రహించడం వంటిదన్నమాట. ఆ ఉత్తరం వల్ల లేడని తెలుస్తుంది, ఏమయ్యాడో తెలియదు. 1971 నవంబరు నాటి తొలి యూనిక్స్ కరదీపికలో ఫోర్క్, ఎగ్జిట్, వెయిట్ మూడూ కనబడతాయి. పిల్ల ఎలా ముగిసినదో విప్పిచెప్పే మాటలు కాలక్రమాన కుదురుకొని, 1988 నాటి పాసిక్స్ ప్రమాణంలో స్థిరపడ్డాయి. ఆ మాటలను నేను పాఠంగా చెప్పినవాణ్ణే. చెప్పినవాణ్ణి చెప్పినట్లు చేయలేదు.

2019 వేసవికి ముందు జరిగిన సంగతి ఇది. రెండవ సంవత్సరం తరగతికి సి భాషలో ప్రయోగ పరీక్ష పెట్టాను. తరగతిలో 54 మంది. ఒక దస్త్రంలోని పూర్ణాంకాలను చదివి, వాటి మొత్తాన్ని లెక్కకు భాగించి సరాసరిని పూర్ణాంకంగా చెప్పే ప్రోగ్రాము వ్రాయమన్నాను. 54 మంది ప్రోగ్రాములను చేత్తో దిద్దడం శ్రమ అని తలచి, దిద్దే పనిని కూడా ఒక ప్రోగ్రాముకే అప్పగించాను. అది తల్లి. ఒక్కొక్క విద్యార్థి ప్రోగ్రామును పిల్లగా పుట్టించి, అయిదు దస్త్రాలను వరుసగా చేతికిచ్చి, ముగిసేవరకు వేచి, మార్కులు వేస్తుంది. ఒక్కొక్క దస్త్రానికి 5 మార్కులు, మొత్తం 25. మొదటి నాలుగు దస్త్రాలకు అచ్చైన సమాధానాన్ని సరిపోల్చే ఏర్పాటు చేశాను. అయిదవ దస్త్రం ఖాళీది. అందులో ఒక్క అంకె కూడా లేదు. ముందుచూపు లేని ప్రోగ్రాము సున్నను సున్నతో భాగించబోయి కూలిపోతుంది. "దస్త్రం ఖాళీగా వచ్చినచో ప్రోగ్రాము కూలిపోరాదు, తగిన సందేశమిచ్చి సక్రమంగా ముగియవలెను" అని ప్రశ్నపత్రంలో వ్రాశాను. సందేశం ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాస్తారు గనుక దాన్ని సరిపోల్చలేదు. పిల్ల వదలిన సంఖ్య సున్న అయితే 5 మార్కులు, కాకపోతే లేవు అని ఏర్పరిచాను. ఎవరి ప్రోగ్రామైనా ముగియకుండా తిరుగుతూ ఉంటే పది సెకన్ల తరువాత దాన్ని ఆపి, మార్కులివ్వకుండా ముందుకు సాగేటట్లు చేశాను.

ఒక్క రాత్రిలో 54 మంది ఫలితాలు వచ్చాయి. తొమ్మిదిమందికి తప్ప అందరికీ అయిదవ దస్త్రంలో పూర్తి మార్కులు. ఇంతమంది ఇంత జాగ్రత్తగా వ్రాశారా అని నేను సంతోషించాను. సంతోషించానే గాని సంశయించలేదు. మరునాడే జాబితా గోడకు అంటించాను. మార్కులు పరీక్షల విభాగానికి పంపాను.

రెండు రోజుల తరువాత ఒక విద్యార్థిని నా గది గుమ్మం వద్ద నిలబడి లోపలికి రావచ్చునా అని అడిగింది. ఆమెది ఎచ్చెర్ల మండలపు సముద్రతీరాన ఒక మత్స్యకార గ్రామం. తరగతిలో తక్కువ మాట్లాడే పిల్ల. చేతిలో ఒక కాగితం ఉన్నది. దాని మీద రెండే రెండు పంక్తులు. తన ప్రోగ్రాముకు ఖాళీ దస్త్రమిచ్చి నడిపి, ముగింపు సంఖ్యను షెల్లును అడిగితే 1 వచ్చింది. తన స్నేహితురాలి ప్రోగ్రాముకు అదే దస్త్రమిచ్చి అడిగితే 136 వచ్చింది.

"సార్, నా ప్రోగ్రాము దస్త్రం ఖాళీగా ఉన్నదని చెప్పి 1 ఇచ్చి ముగిసింది. తనది ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్ అని తెర మీద పడి కూలిపోయింది. మీ జాబితాలో నాకు మార్కులు లేవు, తనకి ఉన్నాయి. తన ప్రోగ్రాము సున్న ఇచ్చినట్లు మీకెలా తెలిసింది సార్?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "చూస్తానమ్మా" అని పంపివేశాను. నిజానికి ఆమె కాగితం చూడగానే నాకు విషయం బోధపడింది. ఒప్పుకొనడానికే వ్యవధి కావలసి వచ్చింది.

వెయిట్ తెచ్చి ఇచ్చే స్థితి సంఖ్య ఒకే సమాచారం కాదు. ఒకే కవరులో పెట్టిన రెండు మూడు చీటీలు. లినక్సులో, పాత యూనిక్సులలో దాని అమరిక ఇలా ఉంటుంది. అట్టడుగున ఉన్న ఏడు బిట్లలో, పిల్లను ఏదైనా సంకేతం హతమార్చి ఉంటే ఆ సంకేతపు సంఖ్య ఉంటుంది. దాని పైనున్న ఒక్క బిట్టు, చనిపోయే క్షణాన జ్ఞాపకశక్తి ప్రతిని కోర్ అనే దస్త్రంగా వదలినదో లేదో చెబుతుంది. ఆ పైన ఉన్న ఎనిమిది బిట్లలో, పిల్ల తనంతట తాను ముగిసి ఉంటే తాను వదలిన సంఖ్య ఉంటుంది. పిల్ల 1 అని చెప్పి వెళ్లిపోతే తల్లికి చేరే స్థితి సంఖ్య 256. పూర్ణాంకాన్ని సున్నతో భాగించబోయిన పిల్లను వ్యవస్థ 8వ సంకేతంతో హతమారుస్తుంది. అప్పుడు తల్లికి చేరే సంఖ్య 8, కోర్ వదలి ఉంటే 136. ఈ రెండు సందర్భాలలోనూ పై ఎనిమిది బిట్లు ఖాళీ. చనిపోయినవాడు ఏమీ చెప్పి వెళ్లలేదు గనుక ఆ చోట ఏమీ వ్రాసి ఉండదు. ఏమీ వ్రాయని చోటును సంఖ్యగా చదివితే సున్న. నా ప్రోగ్రాము నేరుగా ఆ చోటునే చదివి, సున్న కనబడగానే క్షేమమని తలచింది.

షెల్లు చూపిన 136 వేరే లెక్క. సంకేతం వల్ల చనిపోయిన పిల్లను గురించి చెప్పేటప్పుడు షెల్లు సంకేతపు సంఖ్యకు 128 కలిపి చెబుతుంది. 8కి 128 కలిపితే 136. కోర్ బిట్టుతో వచ్చే 136తో దీనికి పోలిక కుదిరినది కాకతాళీయమే. పూర్ణాంకాల భాగహారానికి ఫ్లోటింగ్ పాయింట్ అనే పేరెందుకని విద్యార్థులు అడుగుతుంటారు. అది అంకగణిత దోషాలన్నిటికీ కలిపి పూర్వం పెట్టిన పేరు, అలాగే నిలిచిపోయింది.

నేను విస్మరించిన క్రమం చాలా చిన్నది. వెయిట్‌పిడ్ తిరిగివచ్చిన తరువాత మొదట డబ్ల్యూ-ఇఫ్-ఎగ్జిటెడ్ అని అడగవలెను. పిల్ల తనంతట తాను ముగిసినదా అని దాని అర్థం. అవును అన్నప్పుడే డబ్ల్యూ-ఎగ్జిట్-స్టేటస్ అని, ఏ సంఖ్య వదలినదో అడగవలెను. కాదు అన్నప్పుడు డబ్ల్యూ-ఇఫ్-సిగ్నల్డ్ అని, సంకేతం వల్ల హతమైనదా అని అడిగి, అవునంటే డబ్ల్యూ-టెర్మ్-సిగ్ అని ఏ సంకేతమో తెలుసుకోవలెను. మొదటి ప్రశ్నకు అవునని జవాబు రాకుండా రెండో ప్రశ్న వేస్తే, వచ్చే జవాబుకు అర్థం లేదని ప్రమాణంలోనే ఉన్నది. అర్థం లేని జవాబు ఏ పిచ్చి సంఖ్యగానో వస్తే మనకు అనుమానం కలుగుతుంది. దురదృష్టవశాత్తు అది సున్నగా వస్తుంది. విజయానికి ఉన్న ముఖమే దానికీ ఉంటుంది.

మన పెద్దలు ఉత్తరం వ్రాసేటప్పుడు "ఉభయకుశలోపరి" అని ఆరంభించేవారు. "ఇచ్చట మేమందరమూ క్షేమము, అచ్చట మీరందరూ క్షేమమని తలంచుచున్నాను" అని వ్రాసేవారు. ఉర్దూ ఉత్తరాలలో ఖైరియత్ అన్న మాటకు కూడా అదే స్థానమని మిత్రులు చెప్పారు. అది మర్యాద; అవతలివారి వార్త తెలియకముందే క్షేమమని కోరుకోవడం. కోరుకోవడం మంచిదే. కోరికను వార్తగా లెక్క వ్రాసుకోవడం తప్పు. నా ప్రోగ్రాము చేసినది సరిగా అదే.

ఆ సాయంకాలమే విద్యార్థినిని పిలిపించి, తప్పు నాదని చెప్పాను. ఎలా జరిగినదో పలక మీద బిట్లు గీసి చూపాను. శ్రద్ధగా విని, కొంతసేపటికి ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"మా నాన్న వేరావల్‌లో బోటు మీద ఉన్నాడు సార్. వారం పది రోజులు సముద్రంలోనే ఉంటారు, ఫోను అందదు. ఫోను రానేదంటే బాగున్నాడని మా అమ్మ ఎప్పుడూ అనుకోదు. 'రానేదంటే మనకి తెలవనేదని, బాగున్నాడని కాదు. ఏటయినాదో కనుక్కోండి' అంటాది. ఊళ్లో అందర్నీ అడుగుతాది."

ఈ మాటల బరువు తెలియాలంటే ఆనాటి ఆ తీరాన్ని గురించి చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా వానకాలపు నిషేధం ముగిసిన తరువాత గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి, అక్కడి యజమానుల మరబోట్ల మీద వేట చేసి, వేసవికి తిరిగివస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిలో కొందరు అరేబియా సముద్రంలో జలసరిహద్దు దాటారంటూ పాకిస్తాను అధికారుల చేతికి చిక్కారు. వారిలో ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం వారున్నారు. మా పరీక్ష జరిగిన నాటికి వారు కరాచీ చెరసాలలో ఉన్నారు. ఆ ఊళ్ల ఇళ్లలో తల్లులు, భార్యలు ఎదురుచూస్తున్నారు. అటువంటి తీరం నుంచి వచ్చిన పిల్లకు, వార్త రాకపోవడం వేరు, మంచి వార్త రావడం వేరు అని ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. ఆ పాఠం చెప్పవలసిన నేను మాత్రం ఆ రెంటినీ ఒకే గడిలో వ్రాశాను.

ఆ రాత్రి తల్లి ప్రోగ్రామును సవరించి, భద్రపరచిన 54 ప్రోగ్రాములనూ మళ్లీ నడిపాను. అయిదవ దస్త్రానికి వచ్చిన నిజమైన ఫలితం ఇది. 31 ప్రోగ్రాములు 8వ సంకేతంతో హతమయ్యాయి. 14 సందేశమిచ్చి సున్నతో ముగిశాయి. 6 సందేశమిచ్చి, దోషం ఉన్నదని తెలిపే సున్న కాని సంఖ్యతో ముగిశాయి. 3 ముగియకుండా తిరుగుతూ ఉండిపోయాయి. అంటే, కూలిపోయిన 31 మందికి పూర్తి మార్కులు వచ్చాయి. దోషాన్ని గుర్తించి, సంప్రదాయం ప్రకారం ఆ సంగతి తెలియజేసిన ఆరుగురికి సున్న వచ్చింది. పరీక్షలో ఆ దస్త్రాన్ని పెట్టినదే కూలిపోయేవారిని పట్టుకోవడానికి. అది పట్టుకొన్నది కూలిపోనివారిని.

ఇందులో నాది ఒక తప్పు కాదు, రెండు. పిల్ల ఎలా ముగిసినదో అడగకపోవడం ఒకటి. సక్రమంగా ముగియడమంటే సున్నతో ముగియడమేనని తలచడం రెండవది. ఇచ్చిన పని చేయలేకపోయానని నిజం చెప్పి వెళ్లడం కూడా సక్రమమైన ముగింపే. ఆ ఆరుగురూ అదే చేశారు.

మరునాడు ఈ సంగతి పెద్దలకు విన్నవించాను. మార్కులు పంపివేశాక కదిలించడం ఎందుకు, ఆ ఆరుగురికి మార్కులు కలిపి ఊరుకోండి, మిగతావారిని ఎవరూ అడగలేదు కదా అన్నవారున్నారు. అది దయగల సలహాయే. అయితే ఆ 31 మంది తమ ప్రోగ్రాములు సరిగా ఉన్నాయనే నమ్మకంతో బయటికి వెళతారు. రేపు ఏ ఆసుపత్రి లెక్కలోనో, ఏ బ్యాంకు పద్దులోనో ఖాళీ దస్త్రం వస్తే ఆ నమ్మకం ఎవరిని ముంచుతుందో తెలియదు. కనుక ఆ 5 మార్కులు తీసివేసి, వారందరికీ వారం గడువిచ్చి, దిద్దుకొని వచ్చిన ప్రోగ్రామును మళ్లీ పరీక్షించి మార్కులిస్తానని కోరాను. అందుకు అనుమతి లభించింది.

ఇక్కడ మరొక పొరపాటు చెప్పుకోవాలి. సవరించిన జాబితా అంటించానే గాని, కారణం వెంటనే తరగతిలో చెప్పలేదు. సిగ్గు అడ్డు వచ్చింది. 31 మంది మార్కులు తగ్గాయి, ఒక అమ్మాయి నా గదికి వెళ్లి వచ్చింది. తరగతి ఈ రెంటినీ కలిపి చదువుకొన్నది. రెండు రోజులపాటు ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదని తరువాత తెలిసింది. 136 వచ్చిన ఆ స్నేహితురాలు కూడా మాట మానివేసిందట. ఆమె మాత్రం నాతో ఒక్క మాట చెప్పలేదు. మూడవ రోజున తరగతిలో నిలబడి, నా ప్రోగ్రామును తెర మీద పెట్టి, తప్పు ఏ పంక్తిలో ఉన్నదో చూపి, "దీన్ని వ్రాసినవాణ్ణి నేను. దీన్ని పట్టుకొన్నది ఈ అమ్మాయి. మీ మార్కులు తగ్గించినవాణ్ణి నేను, ఆమె కాదు" అని చెప్పాను. వెనుక వరుసలో నుంచి ఒక అబ్బాయి లేచి, "అయితే మీ ప్రోగ్రాముకు ఎన్ని మార్కులు సార్?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో బిగువు సడలింది. స్నేహితురాళ్లిద్దరూ ఆ సాయంకాలం ఒకే బస్సులో వెళ్లారు. ఆ రెండు రోజులు మాత్రం నేను తీర్చలేని బాకీ.

ఆ తరువాత ఈ పాఠం చెప్పేటప్పుడు కొన్ని విషయాలు విధిగా చెబుతూ వచ్చాను. ఈ సంచిక చదివే మన కంప్యూటరు విద్యార్థుల కొరకు వాటిని ఇక్కడ పొందుపరుస్తున్నాను.

పిల్ల వదలే సంఖ్యలో తల్లికి చేరేది ఎనిమిది బిట్లు మాత్రమే; 0 నుంచి 255 వరకు. ఎగ్జిట్‌కు 256 ఇస్తే తల్లికి సున్న చేరుతుంది. ఋణ ఒకటి ఇస్తే 255 చేరుతుంది. దోషాల లెక్కనే ముగింపు సంఖ్యగా ఇచ్చేవారు, సరిగా 256 దోషాలు దొరికిన రోజున విజయం ప్రకటిస్తారు.

ఎగ్జిక్ విఫలమైతే పిల్ల తల్లి వేషంలోనే మిగిలిపోయి తల్లి పనులు చేయబోతుంది. కనుక ఆ మరుపంక్తిలోనే ముగించివేయాలి. అటువంటప్పుడు 127 ఇవ్వడం షెల్లు సంప్రదాయం; కోరిన ప్రోగ్రాము దొరకలేదని అర్థం. అంటే పని చెడినది కాదు, అసలు మొదలే కాలేదు.

9వ సంకేతం వల్ల పోయినదని తెలిసినా, దాన్ని ఎవరు పంపారో స్థితి సంఖ్య చెప్పదు. గడువు మీరినదని మన తల్లి ప్రోగ్రామే పంపి ఉండవచ్చు. జ్ఞాపకశక్తి చాలక వ్యవస్థే పంపి ఉండవచ్చు. పక్కన కూర్చున్న మనిషి పంపి ఉండవచ్చు. తెలిసినంత మేరకే వ్రాయాలి. తెలియనిదాన్ని ఊహతో పూరించరాదు.

తల్లి వెయిట్ అనకపోతే, ముగిసిన పిల్ల జాంబీగా మిగులుతుంది. దానికి పని లేదు, జ్ఞాపకస్థానం లేదు. పట్టికలో పేరు, ముగింపు స్థితి మాత్రం ఉంటాయి. కాలం చేసినవారి పేరు రేషను కార్డులో ఉండిపోయినట్లన్నమాట. 9వ సంకేతం పంపినా అది పోదు. పోయినవారిని మళ్లీ చంపలేము కదా. తల్లి వచ్చి ఎలా ముగిసినదని అడిగి తెలుసుకొన్న తరువాతనే ఆ పేరు కొట్టివేస్తారు. తల్లియే ముందు పోతే, పిల్లను సాధారణంగా ఒకటవ సంఖ్య గల ప్రాసెస్ దగ్గరకు తీసి, ముగిసినప్పుడు తానే వెయిట్ అంటుంది. ఏ పిల్ల ముగింపునూ ఎవరూ అడగకుండా పోనివ్వని ఈ ఏర్పాటు నాకు చాలా గౌరవనీయంగా తోస్తుంది.

చివరిది, ముగియడం వేరు, ఆగడం వేరు. కొన్ని సంకేతాలు పిల్లను హతమార్చవు, ఉన్నచోట నిలిపివేస్తాయి. కొనసాగమనే సంకేతం వచ్చేవరకు అది అలాగే ఉంటుంది. ఆ సంగతి కూడా తెలుపమని వెయిట్‌పిడ్‌ను ముందుగా కోరితే తెలుపుతుంది. డబ్ల్యూ-ఇఫ్-స్టాప్డ్ అని అడిగి తెలుసుకోవచ్చు. కోరని తల్లికి ఆ పిల్ల నడుస్తున్నదో నిలిచిపోయినదో తెలియదు.

2020 జనవరి 6న పాకిస్తాను విడుదల చేసిన 20 మంది మత్స్యకారులు వాఘా సరిహద్దు వద్ద మన దేశంలో అడుగుపెట్టారు. ఆ వార్త వచ్చిన రోజులలో ఆ విద్యార్థిని ప్రయోగశాలలో కనబడింది. ఊళ్లో ఎలా ఉన్నదని అడిగాను. "అందరూ రోడ్డు మీదే ఉన్నారు సార్, ఎవరి ఇంట్లోనూ ఎవరూ లేరు" అన్నది. ఇద్దరు ఇంకా రాలేదని కూడా చెప్పింది. ఆ సంగతి మరచిపోకుండా చెప్పడం ఆమె స్వభావం. అంత సంబరంలోనూ వచ్చినవారిని, రానివారిని ఒకే గడిలో వ్రాయలేదు.

వాళ్ల నాన్న క్షేమం అడిగాను. "నిన్న రాత్రే ఫోను చేశాడు సార్. నేనే మాట్లాడాను" అన్నది.

ఆ జవాబులో "బాగున్నాడు" అన్న మాట లేదు. తనకు తెలిసినదేమిటో, ఎలా తెలిసినదో మాత్రమే ఉన్నది. ఆనాటి నుంచి పలక మీద వెయిట్‌పిడ్ అని వ్రాసినప్పుడల్లా, తరువాతి పంక్తిలో ఏమి చెప్పినదని కాక, ఎలా ముగిసినదని అడిగే ప్రశ్ననే ముందు వ్రాస్తున్నాను.